ఆట ఆపి చేసిన ప్రార్థన

నాయన జ్ఞాపకార్థ కూడికలో సంఘపెద్ద ఒకాయన లేచి నాలుగు మంచి మాటలు చెప్పాడు. దాసన్న చెయ్యి పడితే ఎంత మొరాయించిన బోటింజనైనా లేచి కూచునేదన్నాడు. ఎవర్నీ పల్లెత్తు మాట అన్న మనిషి కాదన్నాడు. అక్కడితో కూచుని ఉంటే ఎంత బాగుండేది! కూచోలేదు. గొంతు సవరించుకుని, "ప్రార్థనకి కొంచెం దూరంగా ఉన్నాడనే గానీ, మనిషి మాత్రం బంగారం" అని ముగించాడు. షామియానా కింద కూచున్నవాళ్ళంతా తలలూపారు. వాళ్ళని అనేందుకేముంది, నాయన్ని గుళ్ళో ఎవరు చూశారు గనక. మేం చర్చిని గుడి అనే అంటాం. అమ్మ పోయాక నాయన ఆ మెట్లెక్కింది పెళ్ళిళ్ళకీ చావులకీ మాత్రమే. నా వంతు వచ్చినప్పుడు మైకు పట్టుకుని అందరికీ వందనాలు చెప్పి కూచున్నాను. చెప్పాల్సిన మాట ఒకటుంది గానీ చెప్పలేదు. అమెరికా వాళ్ళ బంతాట దగ్గర మొదలెట్టి చెప్పుకు రావాలి మరి. జ్ఞాపకార్థ కూడికలో ఆ మాట ఎట్టా ఎత్తేది?

భోజనాలైనాయి. కుర్చీలవాళ్ళు కుర్చీలు, గిన్నెలవాళ్ళు గిన్నెలు ఎత్తుకుపోయారు. నెల్లూరు నుంచి వచ్చిన నా తోటి టీచర్లు మైపాడు బీచి ఒకసారి చూసి పోతామని ఆటో మాట్లాడుకున్నారు. నన్నూ రమ్మన్నారు, రానన్నాను. ఇందుకూరుపేట దగ్గర మా పాళెంలో ఆ రెండు గదుల ఇంట్లో పొద్దు వాలేసరికి నేనొక్కదాన్నే మిగిలాను. ఊరికే కూచోలేక నాయన పనిముట్ల పెట్టె తెరిచాను. స్పానర్లు, గాస్కెట్లు, పాత బేరింగులు. వాటి అడుగున, మా అవ్వ తెల్లచీర పీలికలో చుట్టి ఒక బూడిదరంగు రిమోటు కనపడింది. టీవీ రిమోటు కాదు, వీడియో గేము ఆడే రిమోటు. వైరు చుట్టలు చుట్టి దారంతో కట్టి ఉంది. ఎడమవైపు కూడిక గుర్తు లాంటి మీట, కుడివైపు మూడు గుండ్రటి మీటలు, వాటి పైన చిన్న మీట ఇంకొకటి. మిగతా మీటల మీది అక్షరాలు కొత్తవాటిలాగే ఉన్నాయి. ఆ చిన్న మీట మీద మాత్రం అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా డీజిలు వాసన. పెట్టె పక్కనే కింద చతికిలబడి చాలాసేపు ఏడ్చాను. కూడికలో రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఈ రిమోటు కథ చెప్పాలంటే ముందు మా ఇల్లు చెప్పాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పచ్చకామెర్లతో పోయింది. మిగిలింది ముగ్గురం. నాయన జువ్వలదిన్నెలో బోట్ల ఇంజన్లు బాగుచేసేవాడు. వారమంతా అక్కడే ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సులో వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. అవ్వ, అంటే నాయన తల్లి, బైబిలు స్త్రీ. సంచీ చంకన పెట్టుకుని చుట్టుపక్కల పాళేలన్నీ ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పి, రోగులకి ప్రార్థన చేసి దీపాల వేళకి ఇల్లు చేరేది. బడి వదిలినప్పట్నుంచీ అవ్వ వచ్చిందాకా నేనూ, ఇల్లూ. తల్లి లేని పిల్లనని చుట్టుపక్కల ఆడవాళ్ళు జాలిపడి తలనిమిరేవాళ్ళు గానీ, వాళ్ళ పిల్లలు మాత్రం నాతో ఆడేవాళ్ళు కాదు. నా దగ్గరికొస్తే ఏదో అంటుకుంటుందన్నట్టు చూసేవాళ్ళు. మాట్లాడుకోవడానికి ఒక పెట్టకోడి ఉండేది. దాన్నీ అవ్వ క్రిస్మస్‌కి కోసేసింది. నాకు ముక్క వడ్డించబోతే కంచం నెట్టేశాను. "కోడికి కూడా దుఃఖపడితే ఎట్టామే" అని అవ్వ విసుక్కుంది.

శనివారాలు వేరుగా ఉండేవి. అవ్వ ఆ రోజు ఊళ్ళు తిరిగేది కాదు. ఆదివారం గుడికి కట్టే తెల్లచీర ఉతికి, నీలిమందు పెట్టి, గంజిలో ముంచి ఆరేసేది. ఇంటినిండా గంజివాసన. మధ్యాహ్నం పైన నాయన జువ్వలదిన్నె నుంచి తామరాకులో చుట్టి తెచ్చిన చేపలు కడిగి, మామిడికాయ వేసి పులుసు పెట్టేది. నాయన పెరట్లో కూచుని ముందు కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో, ఆ తర్వాత బూడిదతో చేతులు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా ఆ డీజిలు వాసన పోయేది కాదు. తినేవాడు. "బడికి పోతా ఉండావా?" అనేవాడు. పోతా ఉండానని చెప్పేదాన్ని. ఆ వారానికి మా మాటలు అంతే.

దీపాల వేళ కుటుంబ ప్రార్థన. అమ్మ ఉన్నప్పుడు అమ్మ పాట ఎత్తుకునేది, నాయన గొంతు కలిపేవాడు, నేను ఆయన ఒళ్ళో కునికేదాన్ని. అమ్మ పోయాక అవ్వ చాప పరవగానే నాయన తువ్వాలు భుజానేసుకుని ఇంటిముందు పంచలోకి పోయేవాడు. ఒక్క మాటా అనేవాడు కాదు, ఊరికే లేచి పోయేవాడు. అవ్వకి చదువు రాదు, నేను బైబిలు చదివి వినిపించేదాన్ని, ఆమె ప్రార్థించేది. నాయన పంచలో ఉన్న రోజున ఆ ప్రార్థన అంతకంతకీ పొడుగయ్యేది, గట్టిగానూ అయ్యేది, దేవుడికేదో చెవుడొచ్చినట్టు. వినాల్సింది దేవుడు కాదని నాకూ తెలుసు, పంచలో ఉన్నాయనకీ తెలుసు. ఒక్కసారి, ఒక్క శనివారం, ముగ్గురం ఆ చాప మీద కూచుంటే చాలని నా కోరిక. దేవుణ్ణి అడిగింది కూడా అదొక్కటే. అమ్మని తిరిగి ఇమ్మని అడగలేదు, ఇవ్వడని అప్పటికే తెలుసు.

ఏటా క్రిస్మస్ ముందు మా గుడికి విదేశాల నుంచి పెద్ద పెట్టె ఒకటి వచ్చేది. అక్కడి విశ్వాసులు వాడి వదిలేసిన బట్టలు, బొమ్మలు, సబ్బులు. తెరిస్తే నాఫ్తలీను గోళీల వాసనా, ఏదో తియ్యటి సబ్బువాసనా కలిసి గుడంతా గుప్పుమనేది. కొట్లాటలు రాకుండా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, చీటీలు వేసి పంచేవాడు. ఏ చీటీకి ఏ వస్తువొస్తే అది తీసుకుపోవాల్సిందే. మా పాళెంలో ఎండాకాలం దాకా ఉన్ని కోట్లు తలగడలుగా కనపడేవి. ఆ ఏడు అవ్వ చీటీకి ఒక నల్లపెట్టె, దానికి రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ క్యాసెట్టు వచ్చాయి. అదేమిటో అయ్యగారికీ తెలీలేదు. "ఇస్త్రీపెట్టె అయితే బాగుండు" అని అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. క్యాసెట్టు మీద తలకి గుండులాంటి టోపీ పెట్టుకున్న మనిషొకడు చంకలో కోడిగుడ్డు ఆకారం బంతి ఇరికించుకుని పరిగెడతా ఉన్నాడు.

నాయనకి మిషన్ అంటే చాలు. మాట లేని మనిషి కళ్ళల్లోకి వెలుగొచ్చేది. ఆ పెట్టెని ఇందుకూరుపేటలో రేడియోలు, టీవీలు బాగుచేసే మస్తాన్ భాయ్ దగ్గరికి తీసుకుపోయాడు. ఇద్దరూ రెండు శనివారాలు దాని ముందర కూచున్నారు. అది మన కరెంటుకి పనిచేసేది కాదంట, మధ్యలో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టారు. మస్తాన్ భాయ్ ఎవరో బాగుకిచ్చి మర్చిపోయిన టీవీ ఒకటి కూడా మోసుకొచ్చి మా ఇంట్లో పెట్టాడు. "బొమ్మ వచ్చిందన్నా, రంగే రాలా. ఆ దేశం రంగు మన టీవీకి ఎక్కదు" అన్నాడు. రంగు ఎవరికి కావాలి!

అసలు గండం అవ్వ. టీవీ అనేది సైతాను పెట్టె అని ఇల్లిల్లూ తిరిగి చెప్పే మనిషి. గరిటె పట్టుకుని వంటింటి గడపలో నిలబడింది, తీసి బయట పెట్టమని చెప్పడానికి. అప్పుడే తెర మీద ఆట మొదలైంది. పదకొండు మంది మనుషులు గబగబా దగ్గరికొచ్చారు, గుండ్రంగా నిలబడ్డారు, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకున్నారు, తలలు వంచారు. అట్టాగే ఉండిపోయారు.

"ఆగు" అంది అవ్వ. "ఏం చేస్తా ఉండార్మే వాళ్ళు?"

"తెలీదవ్వా."

"తెలీకపోవడమేంది, ప్రార్థన చేస్తా ఉండారు! చూడు, తలలు ఎంత బాగా వంచినారో. ఆటకి ముందర కూడా ప్రార్థనే. అందుకే ఆ దేశం అట్టా ఉంది, మన దేశం ఇట్టా ఉంది." గరిటె పక్కన పెట్టి, కొంగు తలమీదికి లాక్కుని, అవ్వ చాప పరిచింది. చాప చూడగానే నాయన ఎప్పట్లాగే పంచలోకి పోయాడు.

ఆ ఆటలో ప్రతి చిన్న పరుగుకీ ముందర వాళ్ళు అట్టా గుండ్రంగా చేరతారు. వాళ్ళు తలలొంచినప్పుడల్లా మేమూ కళ్ళు మూసుకుని తలలొంచాలని అవ్వ ఖాయం చేసింది. అవ్వ ప్రార్థన అంటే పొట్టిది కాదు. పాళెంలో జ్వరమొచ్చినవాళ్ళు, కాన్పుకి దగ్గరైనవాళ్ళు, రొయ్యలగుంటకి తెగులు తగిలినవాళ్ళు, అందరూ రావాలి. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి తెర మీద చారల చొక్కా మనిషొకడు గుడ్డ ఒకటి విసిరేసి, ఈల ఊది, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని నిలబడేవాడు. మా జట్టు ఐదడుగులు వెనక్కి పోయేది. ఆదివారం బళ్ళో మమ్మల్ని చేతులు కట్టుకునే ప్రార్థన చేయమనేవాళ్ళు. అవ్వ అది చూసి మురిసిపోయింది. "చూసినావా, ఆయన కూడా చేతులు కట్టుకున్నాడు. వాళ్ళ అయ్యగారు అయి ఉంటాడు."

"మరి మనం వెనక్కి పోతా ఉండామే అవ్వా?"

"ప్రార్థన సరిపోలేదేమో. ఈసారి ఇంకొంచెం చేద్దాం."

ఇంకొంచెం చేశాం. మళ్ళీ గుడ్డ, మళ్ళీ ఈల, మళ్ళీ వెనక్కి. ఎన్ని శనివారాలు అట్టా గడిచాయో! మా జట్టు వెనక్కి నడుచుకుంటా నడుచుకుంటా తన చివరి గీత దాకా పోయేది. మేమిద్దరం చేతులు జోడించుకుని చూస్తా ఉండేవాళ్ళం. రెండో రిమోటు ఎవరూ ముట్టుకోకుండా చాప మీద పడి ఉండేది. నేను దాని వంకా, పంచవంకా చూసేదాన్ని. పంచలో నుంచి కిటికీ గుండా నాయన తెరనే చూస్తా ఉన్నాడని నాకు తెలుసు. ఆయన బీడీ ఆరిపోయినా వెలిగించుకునేవాడు కాదు.

ఒక శనివారం అవ్వ వంటింట్లో పులుసు దించుతుంటే నాయన లోపలికొచ్చాడు. తెర మూల వేలు పెట్టి చూపించాడు. "ఆ అంకెలు తగ్గిపోతా ఉండాయి చూడు. అది సున్నా అయ్యేలోపల మొదలెట్టకపోతే గుడ్డేస్తా ఉండాడు. మీరు ఆలస్యం చేసినారని వెనక్కి నెడతా ఉండాడు, అంతే." తర్వాత గొంతు తగ్గించాడు. "అది ప్రార్థన కాదు పాపా. వల దించే ముందర జువ్వలదిన్నెలో మనోళ్ళు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోరా, అట్టా. ఎట్టా ఆడాలో అనుకుంటా ఉండారు."

అమ్మ పోయాక నాయన నాతో ఒక్కపట్టున అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. మాటల మీద కాకుండా ఆ గొంతు మీదే నా ధ్యాసంతా ఉండింది. "మరి అవ్వకి చెబుదామా?" అన్నాను.

"చెప్పబాక" అన్నాడు. "చెప్పబాకమ్మా" అని మళ్ళీ అన్నాడు.

అవ్వ వచ్చి కూచుంది. తెర మీద వాళ్ళు గుండ్రంగా చేరారు. అవ్వ కళ్ళు మూసుకుంది. నాయన వంగి రెండో రిమోటు చేతిలోకి తీసుకుని ఆ చిన్న మీట నొక్కాడు. తెరంతా ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. అంకెలు కూడా ఆగిపోయాయి. ఆయన అంతకుముందే మస్తాన్ భాయ్ కొట్లో అన్ని మీటలూ నొక్కి చూసుకున్నాడంట. అవ్వ ప్రార్థన సాగుతా ఉంది. మళ్ళీ ఆ మీట నొక్కితే గానీ ఆట కదలదు, ఆమెన్ అనిందాకా నొక్కకూడదు. అందుకని నాయన ఎక్కడికీ పోవడానికి లేదు. కూచున్నాడు. చాప మీద, అవ్వకీ నాకూ మధ్య, రిమోటు పట్టుకుని.

మధ్యలో అవ్వ ఒక కన్ను తెరిచి చూసింది. కొడుకు పక్కన కూచుని ఉన్నాడు. ఎవరి జ్వరం గురించి చెబుతున్నదో మర్చిపోయింది. రెండుసార్లు "ప్రభువా" అని, ఆమెన్ అనేసింది. నాయన మీట నొక్కాడు. ఆ సారి గుడ్డ పడలేదు.

ఆ రోజు మొదలు శనివారం కోసమే బతికాను నేను. రెండో రిమోటు నాయనది. మేమిద్దరం ఒకే జట్టు, మిషను అవతలి జట్టు. నాయన కొడవలూరు వరిపొలాల్లో ఎడ్లు తోలినట్టు "హే హే, ఎడమకి ఎడమకి" అని అరిచేవాడు. ఆ మనిషి అరవగలడని అప్పటిదాకా నాకు తెలీదు! ఇంకో వింత ఏమిటంటే అవ్వ ప్రార్థన పొట్టిదైపోయింది, మెత్తనైంది. పంచకి వినపడాల్సిన పని లేదు కదా ఇంక. ఒక శనివారం నేను విసిరిన బంతి ఎట్టానో నాయన మనిషి చేతిలో పడింది, వాడు పరిగెత్తి పరిగెత్తి ఆ చివర గీత దాటేశాడు. అవ్వ "స్తోత్రం!" అని ఎగిరి లేచింది, ఒళ్ళో పళ్ళెంలో ఏరుకుంటున్న బియ్యం ఇల్లంతా చిందాయి. తెర మీద వాడు గంతులేస్తుంటే "సాలు లేరా, పొగరు పనికిరాదు" అని వాడిని మందలించింది. ముగ్గురం మోకాళ్ళ మీద పాకుతా ఆ బియ్యం ఏరాం. నా జీవితంలో అంతకన్నా పెద్ద పండగ రాలేదు. ఇది ఊరికే అంటున్న మాట కాదు.

నాయన అప్పుడు నిజంగా ప్రార్థించేవాడా? నేను దొంగకళ్ళతో చూసేదాన్ని. మొదట్లో ఆయన చూపంతా రిమోటు మీదే, నొక్కాల్సిన క్షణం కోసం. తర్వాత్తర్వాత కళ్ళు మూసుకునేవాడు. పెదాలు మాత్రం కదిలేవి కాదు. బొటనవేలు ఆ చిన్న మీట మీద ఆనించి ఉండేది.

అట్టా మూడేళ్ళు. ఆ తర్వాత దాన్ని నేనే చెడగొట్టాను. ఇంకెవర్నీ అనేందుకు లేదు, చేతులారా నేనే.

వేసవి సెలవుల చివర్లో ఒక శనివారం, అన్నాలు తినేటప్పుడు నాయన నన్ను నెల్లూరులో హాస్టల్లో వేస్తున్నానని చెప్పాడు. సీటు దొరికిందంట, ట్రంకుపెట్టె కూడా కొన్నాడంట. అవ్వ తలొంచుకుని పులుసు వడ్డిస్తా ఉంది. ఆమెకీ ముందే తెలుసన్నమాట! ఇద్దరూ కూడబలుక్కున్నారు. నా చదువు కోసమే, ఇప్పుడు తెలుస్తుంది. పదమూడేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది? నన్ను వదిలించుకుంటున్నారనుకున్నాను.

చాప పరిచారు. ఆట మొదలైంది. వాళ్ళు గుండ్రంగా చేరారు, నాయన మీట నొక్కాడు, అవ్వ ప్రార్థన మొదలుపెట్టింది. నా గురించే. హాస్టల్లో బిడ్డకి తోడుండమని. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అది ప్రార్థన కాదవ్వా!" అని అరిచాను. "ఎప్పుడూ కాదు. ఎట్టా ఆడాలో మాట్లాడుకుంటా ఉండారు వాళ్ళు. నాయనకి తెలుసు, నాకూ తెలుసు. మొదట్నుంచీ తెలుసు. నువ్వొక్కదానివే ఎర్రిదానివి."

అవ్వ కళ్ళు తెరిచింది. నా వంక చూడలేదు. "నిజమా అబ్బయ్యా?" అంది.

నాయన రిమోటు పట్టుకునే ఉన్నాడు. "నిజమేనమ్మా."

అవ్వకి కోపం వస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండేది, వీపు మీద రెండు వేసినా బాగుండేది. చాలాసేపు తెర వంక చూసింది, ఆ వంగిన తలల వంక. తర్వాత నిదానంగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టుగా, "మరి నువ్వెందుకు కూచున్నావురా ఇన్నాళ్ళు?" అని అడిగింది.

నాయన జవాబు చెబుతాడని అవ్వ ఎదురు చూసింది. నేనూ ఎదురు చూశాను. ఆయన రిమోటు చాప మీద మెల్లగా పెట్టి, తువ్వాలు భుజానేసుకుని, లేచి పంచలోకి పోయాడు. ఆట ఆగిపోయినట్టే తెర మీద ఉండిపోయింది. కాసేపటికి అవ్వ లేచి గోడ దగ్గర స్విచ్చి ఆర్పేసింది.

మరుసటి వారం నన్ను హాస్టల్లో దించారు. నలభై మంది ఆడపిల్లల మధ్య ఉన్నా నాకు ఎవరూ లేనట్టే ఉండేది. సెలవులకి ఇంటికొస్తే నల్లపెట్టె బీరువా మీద గుడ్డ కప్పుకుని ఉండేది. అవ్వ మళ్ళీ పొడుగాటి ప్రార్థనలు చేసేది కాదు. గొంతులోనే ఏదో గొణుక్కుని ముగించేది. నాయన పంచలోనే. ఎర్రిదానివి అన్నందుకు తప్పయిందవ్వా అని చెప్పాలని ప్రతి సెలవుల్లోనూ అనుకునేదాన్ని, రేపు చెబుదాం, వెళ్ళే రోజు చెబుదాం అని. నేను పదో తరగతి పరీక్షలు రాస్తుండగా అవ్వ నిద్రలోనే పోయింది. పరీక్షలైపోయాక గానీ నాకు చెప్పలేదు.

ఇప్పుడు నేను నెల్లూరులో అపార్టుమెంటు మూడో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటాను. పెళ్ళి చేసుకోలేదు, పెద్ద కారణాలేమీ లేవు. కింద ఫ్లాటులో ఇంజనీరింగు చదివే అమ్మాయి ఉంది. ఒకసారి ఏదో పనిమీద పోతే వాళ్ళ హాల్లో గోడంత టీవీలో ఆ ఆటే కనపడింది. గుమ్మంలోనే నిలబడిపోయాను. గడ్డి పచ్చగా, చొక్కాలు ఎర్రగా, మనుషుల మొహాల మీద చెమట కూడా కనపడతా ఉంది. ఆ గుడ్డ పసుప్పచ్చటిదని ఆ రోజే తెలిసింది నాకు. మనుషులు గుండ్రంగా చేరిన బొమ్మ కనురెప్ప పాటు వచ్చి పోతా ఉంది. అమ్మాయి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కతే కూచుని ఆడతా ఉంది. "ఎవరితో ఆడతా ఉండావమ్మా?" అనడిగాను. "తెలీదాంటీ, ఎవరో" అని నవ్వింది. దాని చేతిలో రిమోటు ఒకటే. రెండోది ఉందా అని అడగబోయి ఊరుకున్నాను. మాకు రంగు లేదు, ఆట నియమాలు తెలీవు, గెలిచింది లేదు. కానీ చాప మీద పక్కనెవరో కూచుని ఉన్నారని తెలుస్తూ ఉండేది, డీజిలు వాసనతో సహా.

కిందటేడు నాయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు కొంచెం మిగిలింది, మాట పూర్తిగా పోయింది. నా ఫ్లాటుకి తెచ్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళకి పైగా మేం ఇద్దరం ఆ శనివారం గురించి ఒక్క మాట అనుకోలేదు. ఇప్పుడు అనుకుందామంటే ఆయనకి మాట లేదు. మా వీధి అయ్యగారు వారానికోసారి వచ్చి మంచం పక్కన ప్రార్థన చేసేవాడు. నాయనకి ఇష్టం లేదేమోనని మొదటిసారి నేను భయపడ్డాను. అయ్యగారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. నేను నాయన్నే చూస్తున్నాను. ఆయన కుడిచేతి బొటనవేలు కదిలింది. దుప్పటి మీద ఒక్కసారి నొక్కింది. ఆగింది. అయ్యగారు ఆమెన్ అన్నాక మళ్ళీ ఒక్కసారి నొక్కింది.

"నరాలమ్మా, అట్టా అదురుతుంటాయి" అన్నాడు అయ్యగారు. అవునండీ అన్నాను. ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చి, తలుపేసుకుని, నాయన మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. ఆయన నావంకే చూస్తా ఉన్నాడు.

తర్వాతి వారం నుంచి ప్రార్థన మొదలయ్యేముందు నా అరచెయ్యి తీసుకెళ్ళి ఆయన బొటనవేలి కింద పెట్టేదాన్ని. మొదలవగానే ఒక నొక్కు, ఆమెన్‌కి ఒక నొక్కు. ప్రతి వారం, ఒక్కసారి కూడా తప్పలేదు. "తప్పయింది నాయనా, ఆ రోజు అట్టా అనుండకూడదు" అని ఒక సాయంత్రం చెప్పేశాను. అవ్వకి చెప్పాల్సింది కూడా ఆయనకే చెప్పాను. ఆయన కంటి కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడిచాను.

చివరి రోజు అయ్యగారు పొద్దున్నే వచ్చాడు. నాయన ఊపిరి అప్పటికే మారింది. నా చెయ్యి ఎప్పట్లాగే పెట్టాను. అయ్యగారు మొదలుపెట్టాడు. చాలాసేపటికి, చాలా మెల్లగా, బొటనవేలు నా అరచేతిలో ఒక్కసారి నొక్కింది. అయ్యగారు అవ్వ కన్నా పొడుగ్గా ప్రార్థించాడు ఆ రోజు. ఆమెన్ అన్నాడు. నేనూ ఆమెన్ అన్నాను. రెండో నొక్కు కోసం చెయ్యి తియ్యకుండా కూచున్నాను. అయ్యగారు నా భుజం మీద చెయ్యేసి "అమ్మా, అయిపోయింది" అన్నాడు. కొంచెం ఆగండయ్యగారూ, ఇంకా నొక్కలేదు అన్నాను.